గట్టిమేళం కింది పొర

మా అత్తయ్య శేషారత్నం నోరు తెరిచి నన్నొకటి అడగడం నా కాపురంలో అదే మొదటిసారి. చీర అడగలేదు, తీర్థయాత్ర అడగలేదు, మోకాళ్ళ నొప్పులకు మందు కూడా తనే ఆటో ఎక్కి వెళ్ళి తెచ్చుకునే మనిషి. ఆ రోజు డాబా మీద మినప వడియాలు పెడుతూ, చేతి పిండి చేతికే ఉండగా, తల ఎత్తకుండా అడిగింది.

"ఏటే కుసుమా, మీ ఆపీసులో పాత వీడియోల్లోంచి సచ్చిపోయినోళ్ళ గొంతులు తీస్తన్నారంట గదా. మీ మావయ్యది తియ్యగలవేటి?"

"ఎవరు చెప్పారత్తయ్యా?"

"పేపర్లో ఏసేరు. ఎవుడో ముసిలాయన తన పెళ్ళి వీడియోలోంచి తల్లి మాట ఇని, సిన్నపిల్లోడిలాగ ఏడ్సేడంట. నానూ ఏడుస్తాను. నాకూ ఇనిపించు."

అప్పటిదాకా మా అత్తయ్య లెక్కలో నా ఉద్యోగం ఫైళ్ళు సర్దడం. చుట్టాలు ఎవరడిగినా "మా కోడలు పెద్ద సదువు సదివింది, ఇప్పుడు ఫైళ్ళు సర్దుతాది" అని చెప్పేది. అందులో అబద్ధమేమీ లేదు. జనం పెట్టెల్లోనూ పాత ఫోన్లలోనూ పడి ఉన్న ఫొటోలు, వీడియోలు, పాటలు అన్నింటినీ పోగుచేసి, ఒక్కోదానికి ఒక్కో చీటీ తయారుచేసే ప్రోగ్రాం మాది. ఎప్పుడు తీశారు, ఎక్కడ తీశారు, ఎవరున్నారు అని ఆ చీటీలో ఉంటుంది. ఏ వివరం తియ్యాలో, ఏది వదిలెయ్యాలో ఆ ప్రోగ్రాంకు నేర్పేదాన్ని నేను. అంటే గొప్పగా చెప్పుకుంటే శాస్త్రజ్ఞురాలిని, అత్తయ్య చెబితే ఫైళ్ళు సర్దేదాన్ని.

మావయ్య దాలినాయుడు గారి గొంతు ఎక్కడా లేదు. ఆయన చక్కెర ఫ్యాక్టరీలో కాటా దగ్గర పనిచేసేవాడు. చెరకు బండి కాటా ఎక్కితే చూసి, అంకె రాసి, తల ఊపేవాడు. ఫోను మోగితే పామును చూసినట్టు చూసి పెళ్ళానికి ఇచ్చేసేవాడట. కెమెరా కనబడితే గోడవైపు తిరిగేవాడట. ఇవన్నీ అత్తయ్య చెప్పినవే, నాకు స్వయంగా తెలిసింది తక్కువ. ఆయన్ని మావయ్యా అని పిలిచే భాగ్యం నాకు ఒక్క పూటే దక్కింది. మా పెళ్ళి రోజునే ఆయన పోయాడు.

అనకాపల్లికి అవతల మా ఊళ్ళో, మామిడితోటలో, పగటి ముహూర్తానికి పెళ్ళి. మండపం మెరక మీద వేశారు, వంటలు పల్లంలో కాలవ పక్కన. సరిగ్గా తాళి కట్టే వేళకు ఊరి బయట మందుల ఫ్యాక్టరీలో విషవాయువు లీకైంది. సైరన్ మోగిందని ఫ్యాక్టరీ వాళ్ళన్నారు. మాకు వినపడలేదని ఊరివాళ్ళన్నారు. రెండూ నిజమే. సైరన్ కాసేపు మోగి, కరెంటు పోవడంతో ఆగిపోయింది. ఆ కాసేపూ మా పందిట్లో గట్టిమేళం సాగుతోంది. జనరేటరు మీద నడిచే మైకులు చెట్లకు కట్టి ఉన్నాయి కాబట్టి తోటంతా, ఊరంతా అదే హోరు. బరువైన గాలి పల్లానికి దిగింది. వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు, వాళ్ళ దగ్గరికి వెళ్ళిన మావయ్య, ఎవరూ తిరిగి రాలేదు.

విచారణలో సన్నాయి పెద్దను అడిగితే, "ఇంకా గట్టిగా వాయించమని పెళ్ళివారు కేకేశారు, వాయించాం" అన్నాడు. ఎవరు కేకేశారంటే నీళ్ళు నమిలాడు. అప్పుడు మా నాన్న పరదేశినాయుడు లేచి నిలబడి "నేనే" అన్నాడు. సైరన్ వినపడిందా అంటే, వినపడింది అన్నాడు. ముహూర్తం కోసం సైరన్‌ను మేళంతో కప్పేసిన మనిషిగా మా నాన్న మిగిలిపోయాడు. ఫ్యాక్టరీ వాళ్ళకు అంతకంటే ఏం కావాలి, చేతులు దులుపుకున్నారు. ఆ రోజు నుంచి మా నాన్న మా అత్తవారి గడప తొక్కలేదు. అత్తయ్య తొక్కనివ్వలేదు.

నన్ను మాత్రం ఆమె ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. "తండ్రి పాపం నీకేటంటుకుంటాదే" అని, నా పురిటికి తనే దగ్గరుండి బాలింత కాయం తినిపించింది, ఒంటికి నూనె రాసింది. పుట్టింట్లో అమ్మ లేని లోటు ఆమె దగ్గరే తీరింది. అందుకేనేమో, నేనూ మా నాన్నే దోషి అని నమ్మాను. వెళ్ళేదాన్ని, పలకరించేదాన్ని, మందులు కొనిచ్చేదాన్ని. మనసులో మాత్రం ఒక రాయి ఉండేది.

మా ప్రయోగశాల విశాఖలో, సముద్రం కనబడే మిట్ట మీద ఉంది. దాన్ని పెట్టినవారు డాక్టర్ వెస్లీ గారు. గుంటూరు మనిషి, మెత్తగా మాట్లాడతారు, కోపం వస్తే ఇంకా మెత్తగా మాట్లాడతారు. ఆయన కనిపెట్టిన దాని పేరు జల్లెడ.

జల్లెడకు ముందు మా ప్రోగ్రాం కూడా అందరి ప్రోగ్రాంల లాంటిదే. వీడియో ఇస్తే తేదీ చెప్పేది, ముఖాలు పోల్చేది. పెళ్ళి వీడియోల దగ్గరికొచ్చేసరికి చతికిలబడేది. ఒకరోజు ఒక ఫైలులో మధ్య భాగమంతా చీటీలో ఖాళీగా వస్తే వెస్లీ గారు నన్ను పిలిచి అడిగారు.

"ఇక్కడ ఒక్క మాటా పట్టుకోలేకపోయిందేమ్మా? ఇంతమంది ఉన్నారే?"

"గట్టిమేళమండి. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడూ తాళి కట్టేటప్పుడూ సన్నాయీ డోలూ ఒక్కసారిగా హోరెత్తిస్తారు. ఆ క్షణంలో ఎవరైనా తుమ్మినా, ఏడ్చినా, నోరుజారినా పెళ్ళివారి చెవిన పడకూడదని."

"మా పెళ్ళిళ్ళలో మేళం ఉండదు" అన్నారాయన ఆలోచిస్తూ. "అంటే వినకూడనిదాన్ని శబ్దంతోనే మూసేస్తారన్నమాట. కానీ అమ్మా, పెద్ద శబ్దం చిన్నదాన్ని చంపదు. దాని మీద కూర్చుంటుంది. లేపి పక్కన కూర్చోబెడితే సరి."

ఆ లేపడానికి మాకు చాలా ఏళ్ళు పట్టింది. డోలు దెబ్బ పందిరి గుంజకు తగిలి ఎలా వెనక్కి వస్తుందో, ముసలి గొంతు దాని పక్క నుంచి ఎలా జారుకుంటుందో జల్లెడకు నేర్పాం. ఇప్పుడు ఏ హోరునైనా పొరలు పొరలుగా విడదీస్తుంది. పై పొర మేళం, దాని కింద పంతులు, దాని కింద పిల్లల ఏడుపు, ఇంకా కింద ఎక్కడో వెనక వరసలో ఇద్దరు ముత్తైదువల గుసగుస. ఎవరు ఎవరితో ఏమన్నారో రాసి చీటీలో పెడుతుంది. మొదటిసారి అది పనిచేసిన రోజున వెస్లీ గారు ఆనందం పట్టలేక అందరికీ బొబ్బట్లు తెప్పించారు.

తర్వాత మొదలైంది అసలు భాగోతం. ఎలమంచిలి వైపు ఒక కుటుంబంలో, పెళ్ళికూతురి ముక్కు గురించి ఆడపడుచు అన్న మాట బయటపడి, అక్కచెల్లెళ్ళలా ఉన్న వదినామరదళ్ళు పలకరింపులు మానేశారు. ఇంకోచోట ఎవరో మేనమామ వరుణ్ణి చూసి "కాకి ముక్కుకు దొండపండు" అన్నాడని తేలింది. మనుషులు మేళం కింద దాచుకున్నవన్నీ మేం బజారున పెట్టేశాం. పైగా మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎవరి గొంతు దొరికితే వాళ్ళకు చీటీ ఫోనుకు వెళ్ళిపోతుంది. గొంతు వాళ్ళది కాబట్టి తెలుసుకునే హక్కు వాళ్ళదని వెస్లీ గారి సిద్ధాంతం. అది మంచి సిద్ధాంతమేనని నేనూ వాదించినదాన్నే.

అత్తయ్య అడిగిన మర్నాడే నా పెళ్ళి వీడియోను జల్లెడలో వేశాను. మావయ్య ఆబ్దికం దగ్గరకొస్తోంది. ఆ రోజుకు గొంతు తీసి చేతిలో పెడితే ఆమె ముఖం ఎలా వెలిగిపోతుందోనని, పని జరుగుతున్నంతసేపూ నాలో నేనే నవ్వుకున్నాను. చీటీ బయటకు పోకుండా చిత్తు కింద పెట్టుకున్నాను, ముందు నేను విని తర్వాత ఆమెకు ఇద్దామని.

తెర మీద నా మెడ కనబడుతోంది. మా ఆయన ఈశ్వర్ చేతులు ముడి వేస్తున్నాయి. కెమెరా వాడు మా ఇద్దరినే పట్టుకుని ఉన్నాడు, చుట్టూ ఎవరున్నారో కనబడదు. మేళాన్ని లేపి పక్కన పెట్టాను. పంతుల్ని పక్కన పెట్టాను. దాని కింద, సన్నగా, ఎక్కడో దూరంగా, పైకి లేచి కిందకు దిగుతున్న ఊళ. సైరన్.

దాని కింద ఒక మగ గొంతు. బెరుకుగా, లోపలికి మింగుతున్నట్టుగా. నాకు తెలియని గొంతు. మాటల్లోని పిలుపును బట్టి జల్లెడ పేరు అంచనా కట్టి రాసింది: దాలినాయుడు.

"శేషూ, అదేటో సైరన్లాగుందే. మేళం ఆపించు. నాను ఎల్లి వంటోళ్ళని పిల్సుకొస్తాను."

వెంటనే ఒక ఆడగొంతు. ఆ గొంతు నాకు తెలుసు. రోజూ పొద్దున్నే నన్ను లేపే గొంతు.

"తాళి కట్టేకాడ ఆ ఏడుపు సవుండేటి! మేళం! ఒరే, మేళం! ఇంకా గట్టిగా వాయించండ్రా!"

డోలు విరుచుకుపడింది. ఆ డోలు కింద మావయ్య మరొక్కసారి "శేషూ" అని పిలిచాడు. అక్కడితో ఆయన పొర అయిపోయింది.

మళ్ళీ వేశాను. జల్లెడ పొరపాటు పడిందేమోనని లెక్కలన్నీ మార్చి వేశాను. ఎన్నిసార్లు వేసినా అదే. ఆ కేక మా నాన్నది కాదు. మా నాన్న గొంతు ఆ పొరల్లో ఎక్కడా లేదు. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను, ఎవరి కోసమో తెలియకుండానే. పక్క గదిలోంచి వెస్లీ గారు వచ్చి, చూసి, మంచినీళ్ళ సీసా పెట్టి వెళ్ళిపోయారు.

అనకాపల్లిలో బెల్లం మార్కెట్టు వెనక చిన్న ఇంట్లో ఉంటాడు మా నాన్న. ఒకప్పుడు మార్కెట్టులో ఆయన బెల్లం దిమ్మెను చేత్తో తట్టి చూసి చెప్పిందే ధర. ఆ దుర్ఘటన తర్వాత ఆయన కాటాకు సరుకు తెచ్చేవాళ్ళు లేరు. ఉన్నా ఆయన ఊపిరి సాయపడదు. ఆ రోజు పల్లంలోకి దిగి మనుషుల్ని ఈడ్చుకొచ్చినవాళ్ళలో ఆయన ఒకడు. ఊపిరితిత్తులు అప్పుడే పోయాయి. గాలి మిషను పక్కన పెట్టుకుని, ముక్కుకు గొట్టంతో మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"ఏటమ్మా, ఈ యేళప్పుడొచ్చేవు? అల్లుడుగారు బాగున్నారా? బాబుగాడు?"

"అందరూ బాగున్నారు నాన్నా." నాకు చుట్టూ తిప్పి చెప్పే ఓపిక లేకపోయింది. "ఆ రోజు మేళం వాయించమని కేకేసింది నువ్వు కాదు."

మా నాన్న గొట్టం సర్దుకున్నాడు.

"ఎవరు సెప్పేరు?"

"మావయ్య."

జల్లెడ గురించి చెప్పాను. మావయ్య ఏమన్నాడో, అత్తయ్య ఏమందో, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నాడు.

"అవును. బావ అలాగే అన్నాడు. నెమ్మదిగా అన్నాడు పాపం, ఆయనెప్పుడూ నెమ్మదే."

"అన్నీ విన్నావా నువ్వు?"

"పంతులు పక్కనే ఉన్నాను గదమ్మా. సైరనూ ఇన్నాను, బావ మాటా ఇన్నాను, సెల్లెమ్మ కేకా ఇన్నాను. ఇని ఏటి సేసేను? అచ్చింతలు ఏసేను. మూడు ముళ్ళూ పడిపోనీ, అప్పుడు సూద్దాంలే అనుకున్నాను. మరి నాను కాదని ఎలా సెప్తాను?"

"కేకేసింది మాత్రం ఆవిడ."

"తాళికాడ అపశబ్దం ఇనపడితే ఏ ఆడమనిసైనా మేళం అనే అరుస్తాది. మీ యమ్మ బతికుంటే మీ యమ్మే అరిసేది. అది తప్పేటి?" ఆయాసం వచ్చి ఆగాడు. "ఆ సాయంత్రం బావ మీద పడి ఏడుస్తా, 'ఆ మేళం ఎవుడు వాయించమన్నాడు' అనడిగింది సెల్లెమ్మ. ఉత్తినే కాదు, నిజంగానే అడిగింది. తనే అన్నట్టు ఆవిడికి తెలవదు. సుట్టూ ఉన్నోళ్ళు ఒకళ్ళ మొకం ఒకళ్ళు సూసుకుంటన్నారు. ఎవుడో ఒకడు నోరు జారీలోపు నానే అనేసేను. ఇచారణలోనూ అదే మాట సెప్పేను."

"నేనూ నువ్వే అనుకున్నాను నాన్నా. ఇన్నేళ్ళూ."

"అనుకోవాలనే గదా సెప్పేను." నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. "నువ్వు ఆ ఇంట్లో బతకాల. మొగుణ్ణి తనే సంపుకున్నానని తెలిస్తే ఆవిడ ఉంటాదా? ఆవిడ లేపోతే ఆ ఇల్లుంటాదా? నింద నాకాడుంటే నిందలాగుంటాది. ఆవిడకాడుంటే ఉరితాడౌతాది."

"మావయ్య చివర్లో 'శేషూ' అని పిలిచాడు నాన్నా. ఆ ఒక్క ముక్క కత్తిరించి ఇస్తాను. మిగతాది చెప్పను."

మా నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ చేతిలో బలం లేదు.

"ఒద్దమ్మా. ఆ పిలుపు ఇంటే ఎక్కడ పిలిసేడో గుర్తొస్తాది. దానికి తనేటి బదులిచ్చిందో గుర్తొస్తాది. ఏటీ దొరకలేదని సెప్పీ."

దొరకలేదని చెప్పడం ఒక్కటే అయితే నాలుక ఒకసారి మడతపెడితే సరిపోయేది. కానీ మా పెళ్ళి వీడియో నా ఒక్కదాని దగ్గరే లేదు. చుట్టాల ఫోన్లలో ఎన్ని ముక్కలు ఉన్నాయో దేవుడికే తెలియాలి. మా జిల్లా ఫైళ్ళన్నీ పోగుచేసే పని వచ్చే నెలే మొదలవుతుంది. అందులో ఏ ఒక్క ముక్క జల్లెడలో పడినా, ఆ కేక చీటీగా మారి తిన్నగా అత్తయ్య ఫోనుకే వెళుతుంది. ఆపాలంటే నియమాల ఫైలులో రాయాలి. అది రాసేది నేనే.

అయితే నియమంలో మనిషి పేరు రాయకూడదు. వెస్లీ గారి మొదటి షరతు అది. పేరు రాయనిస్తే రేపు ప్రతి పెద్దమనిషీ తన గొంతు తియ్యొద్దంటూ వచ్చి కూర్చుంటాడు. ఊరి పేరూ రాయకూడదు, తేదీ రాయకూడదు. రాస్తే అందరికీ వర్తించేదే రాయాలి. కాబట్టి ఒకటే దారి ఉంది. ఒక్క వాక్యం రాశాను. గట్టిమేళం వినిపించిన చోట కింది పొరలు తియ్యకు.

వెస్లీ గారు ఆ వాక్యాన్ని చాలాసేపు చూశారు.

"ఇది జల్లెడకు కన్ను పొడవడమేనమ్మా. మనం ఇన్నేళ్ళు కష్టపడింది దీనికేగా?"

"ఆ కాసేపు ఏమీ వినపడకూడదనే గదండీ మేళం పెట్టుకున్నారు. వాళ్ళు మూసుకున్నదాన్ని వాళ్ళను అడక్కుండా మనం తెరుస్తున్నాం. ఎలమంచిలి వాళ్ళ గొడవ చూశారుగా."

"ఎలమంచిలి గొడవకు నువ్వు బల్ల మీద తల పెట్టుకుని ఏడవలేదు." గొంతు ఇంకా మెత్తబడింది. "ఇది ఎవరి పెళ్ళమ్మా?"

అబద్ధం చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఆయన ముందు చెప్పలేకపోయాను.

"నాదేనండి."

ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి సముద్రం వైపు చూస్తూ నిలబడ్డారు. తిరిగొచ్చి ఆ వాక్యం కింద తన సమ్మతి రాశారు. తన బిడ్డను తనే గుడ్డిదాన్ని చేసుకున్న మనిషిలా కనబడ్డారు. ఆ తర్వాత ఆయన నాతో ఎప్పటిలాగే మాట్లాడారు గానీ, జల్లెడ గురించి గొప్పగా మాట్లాడటం మాత్రం మానేశారు.

నా చీటీలో ఇప్పుడు "కింది పొరలు లేవు" అని వచ్చింది. నా ఒక్కదాని చీటీలోనే కాదు, రాష్ట్రంలో ఉన్న ప్రతి పెళ్ళి చీటీలోనూ అదే. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్టు అంటారు. నాకు ఎవరి మీదా కోపం కూడా లేదు.

నర్సీపట్నం నుంచి తులసమ్మ అనే ఆవిడ వచ్చింది. చిన్న కూతురు జ్వరంతో పోయిందట. ఆ పిల్ల గొంతు మిగిలి ఉన్నది అక్క పెళ్ళి వీడియోలోనేనట. తాళి కట్టేటప్పుడు తల్లి భుజం ఎక్కి ఏదో అరిచింది, పెదవులు కదలడం కనబడుతుంది, మాట వినబడదు. అది ఏమందో తెలిస్తే చాలు అంది. మాకోసం ఒక సంచి నిండా సీతాఫలాలు తెచ్చింది, పండినవి ఏరి పైన పెట్టి.

నేను ఆమె ఎదురుగానే ఫైలు వేశాను. చీటీ వచ్చింది. కింది పొరలు లేవు.

"ఏమీ దొరకలేదమ్మా" అన్నాను.

"ఇంకోపాలి సూడండమ్మా. అది బాగా గట్టిగా అరిసింది."

ఇంకోసారి వేశాను. ఆ నియమం తీసేస్తే ఆ పిల్ల ఏమందో క్షణంలో తెర మీద ఉండేది. వేలు అక్కడే ఉంది. తియ్యలేదు.

"పోన్లెండి" అంది తులసమ్మ లేస్తూ. "ఉంటే ఇచ్చీవోరే గదా మీరు." ఆ సంచి తిరిగి పట్టుకెళ్ళమంటే ఒప్పుకోలేదు. ఆ పండ్లు నేను తినలేకపోయాను, వాచ్‌మన్‌కు ఇచ్చేశాను.

ఆబ్దికం రాకముందే మా నాన్న పోయాడు. మధ్యాహ్నం అన్నం తిని పడుకుని లేవలేదని పక్కింటివాళ్ళు ఫోను చేశారు. ఊరి నుంచి పాడె పట్టడానికి నలుగురు రాలేదు. బెల్లం మార్కెట్టు హమాలీలు ముగ్గురు, నాలుగోవాడు మా ఈశ్వర్. తల్లికి చెప్పకుండా కాదు, చెప్పే వచ్చాడు. "నీ ఇష్టంరా" అందట అత్తయ్య. చితి మీద మా నాన్న ముఖం చూస్తూ, ఒక్కసారి అందరికీ వినబడేలా నిజం చెప్పేయాలనిపించింది. వినడానికి అక్కడ ఎవరున్నారు? హమాలీలు, ఈశ్వర్. ఈశ్వర్‌కు కూడా చెప్పలేదు. చెబితే తను తల్లిని మళ్ళీ ఎప్పటిలా చూడలేడు.

కర్మ అయ్యాక ఇంటికొస్తే అత్తయ్య నాకోసం వేణ్ణీళ్ళు కాచి ఉంచింది. నా తల తనే రుద్దింది. ఆ వేళ్ళు నా నెత్తి మీద తిరుగుతుంటే నాకు ఏడుపు ఆగలేదు, తండ్రి పోయిన ఏడుపనుకుంది.

ఆబ్దికం ముందు రోజు సాయంత్రం వసారాలో కూర్చుని మర్నాటికి బియ్యం ఏరుతోంది. నేను పక్కన కూర్చుని చేట అందుకున్నాను. ఈశ్వర్ గుమ్మంలో బాబు చేత హోంవర్కు చేయిస్తున్నాడు.

"దొరికిందేటే?" అనడిగింది.

ఏమిటని అడగాల్సిన పని లేదు.

"లేదత్తయ్యా. మావయ్య గొంతు అందులో లేదు."

"బాగా ఎతికేవా?"

"వెతికానత్తయ్యా."

"ఒక్క మాట కూడా లేదేటి? నా పక్కనే నిలబడ్డాడే. ఏదో అన్నాడే నాతోటి. ఏటన్నాడో ఇనపడలేదు నాకు. ఏటన్నాడో తెలిస్తే సాలని..." ఆమె చేట లోపలికి చూస్తూ ఆగింది. "నీళ్ళడిగేడేమో అనుకుంటానే. దాహమేసుంటాది. నాను ఇయ్యలేదు."

దాహం కాదత్తయ్యా అని చెప్పగలిగితే ఎంత బాగుండేది.

"అంతా మేళమే అత్తయ్యా. దాని కింద ఏమీ మిగల్లేదు."

కొంగుతో కళ్ళు తుడుచుకుంది. బియ్యంలో చెయ్యి అలాగే ఉండిపోయింది. అప్పుడు, నా కాపురం మొదలైన ఇన్నేళ్ళకు, మొదటిసారి నా ముఖంలోకి చూసి అంది.

"పోయినోణ్ణి అనకూడదు గానీ కుసుమా... మనిసినీ మింగేడు, మనిసి గొంతునీ మింగేడు మీ నాన్న. అవునా కాదా, నువ్వే సెప్పు."

గుమ్మంలో ఈశ్వర్ తలెత్తి "అమ్మా!" అన్నాడు వద్దన్నట్టు. అత్తయ్య అతని వైపు చూడలేదు. నా వైపే చూస్తోంది. ఆ కళ్ళలో కోపం కంటే బెంగ ఎక్కువ ఉంది. నేను ఏమంటానో దాన్ని పట్టుకునే ఆ మనిషి రేపు పిండం దగ్గర కూర్చోవాలి.

"అవునత్తయ్యా" అన్నాను.